ప్రొటీన్‌లో ఎవరి పక్కన ఎవరు?

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తయింది. రెజ్యూమెలో ‘స్కిల్స్’ కింద పైమాల్, డాకింగ్, బయోఇన్ఫర్మాటిక్స్ టూల్స్ అని రాసుకున్నారు. ఇంటర్వ్యూకి పిలుపూ వచ్చింది. ఎదురుగా కూర్చున్న మేడం మీ ప్రాజెక్టు రిపోర్టు తిరగేస్తూ ఒక రంగుల బొమ్మ దగ్గర ఆగారు.

‘ఈ రెండు రెసిడ్యూలకీ కాంటాక్ట్ ఉందని రాశారు కదా, ఎంత దూరం వరకూ కాంటాక్ట్ కింద లెక్కేశారు?’

‘సాఫ్ట్‌వేరే చూపించింది మేడం.’

‘అది ఎంత తీసుకుంది? ఏ ఆటమ్ నుంచి ఏ ఆటమ్‌కి కొలిచింది?’

మీరు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు. మేడం పేజీ తిప్పేశారు. ఆ తర్వాత అడిగినవన్నీ మర్యాద కోసం అడిగిన ప్రశ్నలే.

ఆ ప్రశ్న మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి అడిగింది కాదు. స్ట్రక్చరల్ బయాలజీతో సంబంధం ఉన్న ఏ పనిలోనైనా మొదటి రోజు నుంచీ అవసరమయ్యే విషయం అది. మందు అణువు ఎక్కడ అతుక్కుంటుంది? యాంటీబాడీ వైరస్‌ని ఎక్కడ పట్టుకుంటుంది? జన్యువులో ఒక్క అక్షరం మారితే రోగం ఎందుకు వస్తుంది? వీటన్నింటి వెనకా ఉండే ప్రశ్న ఒకటే: ప్రొటీన్‌లో ఎవరి పక్కన ఎవరున్నారు? దీనికి జవాబు వెతకడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మీ దగ్గరున్న మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ సరిపోతాయి.

చీర మడతలో రహస్యం

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసని ఇంటర్‌లోనే చదువుకున్నారు. గొలుసులో చేరేటప్పుడు అమైనో ఆమ్లం కొంత నీటిని పోగొట్టుకుంటుంది. మిగిలిన భాగాన్ని రెసిడ్యూ అంటారు. గొలుసులో ప్రతి రెసిడ్యూకీ ఒక వరుస నంబరు ఉంటుంది.

ఇప్పుడు ఒక చీర ఊహించుకోండి. నేలమీద పరిస్తే కొంగు ఒక చివర, కుచ్చిళ్ల భాగం ఇంకో చివర. మధ్యలో ఐదు మీటర్లు. అదే చీరను మడతపెట్టి బీరువాలో పెడితే కొంగు మీది నెమలి వెళ్లి ఎక్కడో అంచు మీది పువ్వును తాకుతుంది. ప్రొటీన్ కూడా ఇలాగే మడత పడుతుంది. వరుసలో 6వది, 85వది చాలా దూరం. మడతలో అవి భుజాలు రాసుకుంటూ ఉండొచ్చు. రెండు గొలుసులు ఒకదానికొకటి దగ్గరైనప్పుడూ ఇంతే. ఈ తాకిడినే రెసిడ్యూ కాంటాక్ట్ అంటాం.

దగ్గర అంటే ఎంత దగ్గర? ఇక్కడ కొలత ఆంగ్‌స్ట్రామ్, అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. ఎక్కువమంది వాడే పద్ధతులు రెండు. ఒక్కో రెసిడ్యూ నుంచి ఒక్కో ప్రతినిధి పరమాణువును తీసుకుని, వాటి మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దూరం ఉంటే కాంటాక్ట్ అనడం మొదటిది. ఆ ప్రతినిధి సాధారణంగా సీ-బీటా కార్బన్. గ్లైసీన్‌కి సీ-బీటా ఉండదు కాబట్టి దానికి సీ-ఆల్ఫా తీసుకుంటారు. హైడ్రోజన్‌ను పక్కనపెట్టి మిగతా పరమాణువుల్లో ఏ రెండైనా 4 లేదా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే కాంటాక్ట్ అనడం రెండోది. మొత్తం మడత ఎలా ఉందో చూడ్డానికి మొదటిది బాగుంటుంది. నిజంగా ఎవరు ఎవర్ని తాకుతున్నారో తేల్చాలంటే రెండోదే దిక్కు. మేడం అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మీరు ఏది వాడారన్నది ఒక మార్కయితే, ఎందుకు వాడారన్నది తొమ్మిది మార్కులు.

ఈ దూరాల లెక్కకు మన దక్షిణాదిలో గట్టి వారసత్వమే ఉంది. 1963లో మద్రాస్ యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గీసిన రామచంద్రన్ ప్లాట్ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. పరమాణువులు ఎంతకన్నా దగ్గరకు రాకూడదో హద్దులు పెట్టుకుని, గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో వాళ్లు తేల్చారు. పరీక్ష కోసం బొమ్మ మాత్రం గుర్తుపెట్టుకుని, దాని పునాది కాంటాక్ట్ దూరమేనన్న సంగతి వదిలేస్తాం.

ఆరో స్థానంలో ఒక్క మార్పు

కాంటాక్ట్ ఎంత పని చేస్తుందో చూడాలంటే సికిల్ సెల్ వ్యాధిని మించిన ఉదాహరణ లేదు. పాడేరు, ఆదిలాబాద్ లాంటి గిరిజన ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఇది పుస్తకంలో రోగం కాదు, ఎరిగిన ఇళ్లలో రోగం. దీన్ని నిర్మూలించడానికి కేంద్రం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది.

హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు: 141 రెసిడ్యూల ఆల్ఫాలు రెండు, 146 రెసిడ్యూల బీటాలు రెండు. ఈ వ్యాధికి మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. బీటా గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందని 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. ఆరో స్థానంలో గ్లుటామేట్ ఉండాల్సింది, వాలీన్ వచ్చింది. ఇంతవరకూ మీకు తెలిసిందే. పరీక్షలో రెండు మార్కులకు రాసేదీ ఇంతే.

అసలు కథ ఆ తర్వాత ఉంది. గ్లుటామేట్‌కి ఆవేశం ఉంటుంది, నీళ్లలో హాయిగా ఉంటుంది. వాలీన్ నూనె స్వభావం ఉన్నది, నీళ్లంటే దూరం జరిగి దాక్కునే చోటు వెతుక్కుంటుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేశాక, పక్కనున్న ఇంకో హిమోగ్లోబిన్ బీటా గొలుసు మీద దానికి సరిపోయే చిన్న గుంట దొరుకుతుంది. ఆ గుంట గోడలే 85వ ఫినైల్అలనీన్, 88వ ల్యూసీన్. వాలీన్ అందులో ఇరుక్కుంటుంది. ఒక అణువు ఇంకోదానికి, అది మరోదానికి అతుక్కుంటూ పొడుగాటి పోగులవుతాయి. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. రోగి పడే నొప్పి వెనక ఉన్నది ఈ కాంటాక్టే.

ఇంకో అడుగు ముందుకెళ్దాం. పుట్టిన కొన్ని నెలల దాకా పిల్లల్లో ఈ జబ్బు లక్షణాలు కనిపించవు. అప్పుడు వాళ్లలో గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అందులో బీటాకి బదులు గామా గొలుసు. బీటాలో 87వ స్థానంలో త్రియోనీన్ ఉంటే గామాలో అక్కడ గ్లుటమిన్ ఉంటుంది. 85, 88ల మధ్యే 87. అంటే సరిగ్గా ఆ గుంట దగ్గరే. గ్లుటమిన్ అక్కడుంటే పోగు కట్టడం దెబ్బతింటుంది.

ఈ ఒక్క తేడా మీద ఒక చికిత్స నిలబడింది. 2023 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన లిఫ్‌జీనియా అనే జన్యు చికిత్స రోగి మూలకణాల్లోకి కొత్త బీటా జన్యువును పంపుతుంది. ఆ బీటా గొలుసులో చేసిన మార్పు 87వ స్థానంలో త్రియోనీన్ తీసి గ్లుటమిన్ పెట్టడం. ఎవరి పక్కన ఎవరున్నారో తెలిస్తే ఎక్కడ వేలు పెట్టాలో తెలుస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ చికిత్స ఖరీదు మాత్రం మన గిరిజన గూడేలకు అందేంత దూరంలో లేదు. చవకగా చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

ఈ వారాంతమే మొదలుపెట్టండి

ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు స్ట్రక్చర్లతో మొదలైంది. ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. అన్నీ ఉచితం. అందులో 2హెచ్‌బీఎస్ అనే కోడ్ వెతకండి. ఆక్సిజన్ వదిలేసిన సికిల్ హిమోగ్లోబిన్ స్ఫటికం అది. రెండు పూర్తి హిమోగ్లోబిన్ అణువులు, మొత్తం ఎనిమిది గొలుసులు ఉంటాయి. పోల్చి చూడ్డానికి మామూలు డీఆక్సీ హిమోగ్లోబిన్ కూడా కావాలి. దాని కోడ్ 2హెచ్‌హెచ్‌బీ.

ముందు కోడ్ రాయకండి, కళ్లతో చూడండి. కైమెరాఎక్స్ చదువు అవసరాలకు ఉచితం. పైమాల్‌కి ఓపెన్ సోర్స్ వెర్షన్ ఉంది. బీటా గొలుసుల్లో ఆరో స్థానంలోని వాలీన్‌లను ఎర్రగా, 85, 88లను పసుపుగా రంగు వేయండి. తిప్పి తిప్పి చూడండి. రెండు హిమోగ్లోబిన్‌లు కలిసే చోట ఎర్ర చుక్క పసుపు గుంటలోకి దిగిన దృశ్యం కనిపించినప్పుడు వచ్చే ఆనందం వేరు. అది ఏ గొలుసు నుంచి ఏ గొలుసుకో నోట్‌బుక్‌లో రాసుకోండి.

తర్వాత పైథాన్. బయోపైథాన్ లైబ్రరీలో ‘నైబర్ సెర్చ్’ అనే సదుపాయం ఉంది. ఫైల్ చదవాలి, నీటి అణువులు తీసేయాలి, వాలీన్ 6లోని ఒక్కో పరమాణువు చుట్టూ 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఎవరున్నారో అడగాలి, అదే గొలుసులోవాళ్లను వదిలేసి మిగతా పేర్లు ముద్రించాలి. ఇరవై ముప్పై లైన్ల పని. కోడింగ్ రాదని భయపడే బీఫార్మసీ, బీఎస్సీ జువాలజీ వాళ్లకు కూడా పైథాన్ నేర్చుకోవడానికి ఇది మంచి సాకు. నంబర్ల జాబితాలు కూడటం లాంటి అభ్యాసాలకన్నా వాలీన్ పక్కనెవరో వెతకడం మేలు.

అక్కడితో ఆగకండి. 4.5కి బదులు 4 పెట్టి చూడండి, 5 పెట్టి చూడండి. ఎన్ని కాంటాక్టులు పెరిగాయి, ఎన్ని పోయాయి? మూడింటిలోనూ నిలబడినవి ఏవి? ఆ పట్టిక మీ ప్రాజెక్టుకి ప్రాణం. ఆపైన ఒక బీటా గొలుసుకి కాంటాక్ట్ మ్యాప్ గీయండి. 146 రెసిడ్యూలంటే 10,585 జతలు. తాకే ప్రతి జతకీ ఒక చుక్క. ఆల్ఫా హెలిక్స్‌లు వికర్ణానికి ఆనుకుని మందపాటి పట్టీల్లా, దూరపు రెసిడ్యూల కాంటాక్టులు దానికి ఎడంగా చుక్కల్లా వస్తాయి. వరుసలో పక్కపక్కనే ఉన్నవాళ్లు ఎలాగూ తాకుతారు, అందులో విశేషం లేదు. అందుకే ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే సీఏఎస్‌పీ పోటీల్లో కాంటాక్టులు లెక్కపెట్టినప్పుడు కనీసం ఆరు స్థానాల ఎడం ఉన్న జతలనే చూసేవారు. 24, అంతకన్నా ఎక్కువ ఎడం ఉంటే లాంగ్ రేంజ్ అంటారు.

ఇక్కడే జారేది

మొదటి గొయ్యి నంబర్లు. వినడానికి చిన్న విషయం, మునగడానికి పెద్దది. జన్యువు నుంచి బీటా గొలుసు తయారైనప్పుడు మొదట మెథియోనీన్ ఉంటుంది, తర్వాత అది తెగిపోతుంది. పాత పద్ధతిలో దాన్ని లెక్కపెట్టరు. యూనిప్రాట్ డేటాబేస్, ఇప్పటి జన్యు పరీక్షల రిపోర్టులు లెక్కపెడతాయి. కాబట్టి సికిల్ మార్పు ఒక చోట 6, ఇంకో చోట 7. ఇంకా చిక్కేమిటంటే పాత లెక్కలో 7వ స్థానంలోనూ గ్లుటామేటే ఉంది! 2హెచ్‌బీఎస్ తెరిచి 7 దగ్గర చూసి ‘ఇందులో మ్యుటేషనే లేదు’ అని రాసేస్తే అయిపోయినట్టే. అలాగే పాత లెక్కలో 88 అంటే ల్యూసీన్, కొత్త లెక్కలో 88 అంటే త్రియోనీన్. గుంట గోడ ఒకటి, చికిత్సలో మార్చింది ఇంకొకటి. రిపోర్టు మొదటి పేజీలోనే ఏ నంబరింగ్ వాడారో ఒక వాక్యం రాసేయండి. పని తెలిసినవాళ్లు ఆ వాక్యం కోసం వెతుకుతారు.

రెండోది, ఫైల్‌లో ఉన్నదే ప్రపంచం కాదు. స్ఫటికంలో ఒకే అమరిక మళ్లీ మళ్లీ వస్తుంది, ఫైల్‌లో ఇచ్చేది అందులో ఒక ముక్క. ఆ ముక్క అంచున ఉన్న రెసిడ్యూ ఎవర్నీ తాకనట్టు కనిపిస్తుంది. సిమెట్రీ ప్రకారం పక్క ముక్కల్ని కూడా గీశాకే ‘దీనికి కాంటాక్ట్ లేదు’ అనాలి. దీనికి ఉల్టా కూడా ఉంది. స్ఫటికంలో ఇరుగ్గా పేర్చడం వల్ల మాత్రమే ఏర్పడి, శరీరంలో ఉండని కాంటాక్టులూ ఉంటాయి. రెండింటినీ విడదీయడానికి పీసా లాంటి సర్వర్లు సాయపడతాయి గానీ చివరి మాట ప్రయోగానిదే. సికిల్ విషయంలో ఆ ప్రయోగాలు దశాబ్దాలుగా జరిగాయి కాబట్టే నేర్చుకోవడానికి ఈ ఉదాహరణ ఎంచుకోమంటున్నాను. మీ జవాబు తప్పో ఒప్పో పోల్చుకోవచ్చు.

దగ్గరగా ఉన్నంత మాత్రాన బలమైన బంధం అని కాదు. ఆర్టీసీ బస్సులో భుజం తగిలినవాళ్లంతా చుట్టాలు కారు కదా. హైడ్రోజన్ బంధమా, ఉప్పు వంతెనా, నూనె స్వభావపు తాకిడా అన్నది పరమాణువుల రకాన్ని, దూరాన్ని, కోణాన్ని చూసి తేల్చాలి. రింగ్, ప్లిప్ లాంటి టూల్స్ ఈ వర్గీకరణ చేస్తాయి. పైగా స్ట్రక్చర్ అంటే ఒక ఫొటో. ప్రొటీన్ కదులుతూ ఉంటుంది. గ్రోమాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ కదలికను నడిపించి, ఒక కాంటాక్ట్ మొత్తం సమయంలో ఎంత శాతం నిలబడిందో లెక్కగట్టొచ్చు. ఇది మాత్రం రెండో మెట్టు. మొదటి వారమే మొదలుపెట్టి మంచి కంప్యూటర్ లేదని నిరుత్సాహపడకండి.

‘ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ ఉంది కదా, ఇవన్నీ ఎందుకు?’ అంటారు మీ ఫ్రెండ్. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దానికే వచ్చింది, మిగతా సగం ప్రొటీన్ డిజైన్‌కు గాను డేవిడ్ బేకర్‌కు. కానీ ఆ దారి పడింది కాంటాక్టుల మీదే. తాకే రెండు రెసిడ్యూల్లో ఒకటి మారితే, పరిణామ క్రమంలో రెండోదీ దానికి తగ్గట్టు మారుతూ వస్తుంది. వేల జాతుల ప్రొటీన్ వరుసలు పక్కపక్కన పెట్టి ఈ జోడు మార్పులు పట్టుకుంటే ఎవరి పక్కన ఎవరో స్ట్రక్చర్ లేకుండానే ఊహించొచ్చు. ఆల్ఫాఫోల్డ్ తొలి వెర్షన్ చేసింది రెసిడ్యూల మధ్య దూరాల్ని ఊహించడమే. ఇప్పుడు స్ట్రక్చర్ ఇట్టే దొరుకుతోంది కాబట్టి, దాన్ని చదవగలిగేవాళ్ల అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు. ఆల్ఫాఫోల్డ్ మోడల్ వాడితే నమ్మకం స్కోరు తక్కువున్న భాగాల్లోని కాంటాక్టుల్ని లెక్కలోంచి తీసేయండి. అవి గాల్లో గీసిన గీతలు.

ఉద్యోగాల సంగతి

ఉన్నమాట చెప్పుకుందాం. ‘రెసిడ్యూ కాంటాక్ట్ అనలిస్ట్’ అనే పోస్టు ఎక్కడా ఉండదు. ఈ పని కంప్యుటేషనల్ బయాలజిస్ట్, స్ట్రక్చరల్ బయోఇన్ఫర్మాటిక్స్, రీసెర్చ్ అసోసియేట్, ప్రాజెక్ట్ అసోసియేట్ లాంటి పేర్ల లోపల ఉంటుంది. ఉత్త బీఎస్సీతో అక్కడికి చేరడం కష్టం. ఎమ్మెస్సీ, ఎంఫార్మసీ, ఎంటెక్‌తో తలుపు తెరుచుకుంటుంది. సొంతంగా పరిశోధన నడిపించే స్థాయికి పీహెచ్‌డీ కావాలి. ‘మూడు నెలల కోర్సు, గ్యారంటీ ప్లేస్‌మెంట్’ అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలకు డబ్బు కట్టే ముందు, వాళ్లు ఈ కటాఫ్ ప్రశ్నకి జవాబు చెప్పగలరేమో అడిగి చూడండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కొంత వెసులుబాటు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇక్కడే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్, బయోఇన్ఫర్మాటిక్స్‌కి ప్రత్యేక కేంద్రమే ఉంది. అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్ లాంటి మందుల పరిశోధనా సంస్థల ఇల్లూ హైదరాబాదే. చెన్నై, బెంగళూరు కూడా దూరం కాదు. ఐఐటీ మద్రాస్‌లో ఎం. మైఖేల్ గ్రోమిహా ఏళ్లుగా పనిచేస్తున్నది ఈ కాంటాక్టుల మీదే, ఆయన బయోఇన్ఫర్మాటిక్స్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. రెసిడ్యూలను చుక్కలుగా, కాంటాక్టులను గీతలుగా చూసి ప్రొటీన్‌ను ఒక నెట్‌వర్క్‌లా చదివే పద్ధతి మీద బెంగళూరు ఐఐఎస్సీలో సరస్వతీ విశ్వేశ్వర బృందం చాలా పని చేసింది.

పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ బెట్, గేట్ పరీక్షలున్నాయి. నెట్ జేఆర్‌ఎఫ్‌కి 2023 నుంచి నెలకు రూ.37,000 ఫెలోషిప్, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఇంకా డిగ్రీలో ఉన్నవాళ్లు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను వదులుకోవద్దు. దరఖాస్తులో ‘నాకు ప్రొటీన్ల మీద ఆసక్తి’ అని రాసేవాళ్లు వందల్లో ఉంటారు. ‘2హెచ్‌బీఎస్‌లో ఆరో వాలీన్ చుట్టూ ఉన్న కాంటాక్టులు లెక్కపెట్టాను, మూడు కటాఫ్‌లతో పోల్చాను, కోడ్ గిట్‌హబ్‌లో ఉంది’ అని రాసేవాళ్లు తక్కువ.

రెజ్యూమె కూడా ఇలాగే మార్చండి. టూల్స్ పేర్ల వరుస కొట్టేసి ఆ స్థానంలో మీరు చేసిన పని రెండు వాక్యాల్లో పెట్టండి. రిపోర్టు నాలుగు పేజీలు దాటనక్కర్లేదు. ప్రశ్న, నంబరింగ్, కటాఫ్, ఎందుకా కటాఫ్, పట్టిక, ఒక బొమ్మ, ఈ లెక్క ఏం చెప్పలేదో ఒక పేరా. ఆ చివరి పేరా రాయడానికి చాలామంది జంకుతారు, మార్కులు పోతాయేమోనని. పోవు.

మళ్లీ ఆ గదిలోకి రండి. మేడం అదే బొమ్మ దగ్గర ఆగారు.

‘ఎంత దూరం తీసుకున్నారు?’

‘హైడ్రోజన్ కాని పరమాణువుల మధ్య 4.5 ఆంగ్‌స్ట్రామ్‌లు మేడం. సైడ్‌చెయిన్‌లు నిజంగా తాకుతున్నాయో లేదో చూడాలనుకున్నా, అందుకే 8 ఆంగ్‌స్ట్రామ్‌ల సీ-బీటా పద్ధతి వాడలేదు.’

‘5 పెడితే?’

పేజీ తిప్పి, పట్టికలో మూడో వరుస చూపించండి.